మూసీని కాగితం మీద కోసి చూసిన మనిషి



సెప్టెంబరు 15న ఇంజనీర్ల దినోత్సవం. మన క్యాంపస్‌లలో పిల్లలు మైసూరు తలపాగా పెట్టుకుని, పొడవాటి కోటు వేసుకుని మోక్షగుండం విశ్వేశ్వరయ్య గారి వేషంలో వేదిక ఎక్కుతారు. మీరు ఫొటోలు తీసి స్టేటస్‌లో పెడతారు. ముచ్చటగానే ఉంటుంది. అయితే ఆ తలపాగా మనిషికీ, చార్మినార్ నుంచి అఫ్జల్‌గంజ్ వైపు వెళ్లేటప్పుడు మీరు దాటే నయాపూల్‌కీ ఉన్న సంబంధం మాత్రం చాలామంది పిల్లలకు తెలియదు. కృష్ణరాజసాగర్ గురించి అడిగితే గడగడా చెబుతారు, గండిపేట గురించి అడిగితే పిక్నిక్ స్పాట్ అంటారు. అందుకే ఈసారి ఆయన జీవితాన్ని మన ఊరి వైపు నుంచి చెబుతున్నాం. కొవ్వొత్తుల కథ, రైలు గొలుసు కథ మీకు వాట్సాప్‌లో ఇప్పటికే వచ్చి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోవడం లేదు.

చెప్పడానికి ఇంకో కారణం కూడా ఉంది. 6 నుంచి 8 తరగతుల గణితంలో ఘనాకారాల పాఠం ఒకటి వస్తుంది. పిల్లలు చుక్కల కాగితం మీద ఐసోమెట్రిక్ బొమ్మలు గీస్తారు. ఒక పెట్టెను ముందు నుంచి, పక్క నుంచి, పై నుంచి చూస్తే ఎలా కనిపిస్తుందో మూడు బొమ్మలుగా వేస్తారు. ఆ హోంవర్క్ చూసి, ఈ బొమ్మలతో ఎన్ని మార్కులు వస్తాయని అడిగే తల్లిదండ్రులు ప్రతి సంవత్సరం ఉంటారు. అడగడంలో తప్పు లేదు, ఫీజు కట్టేది మీరే. ఆ ప్రశ్నకు సమాధానం మార్కుల్లో కంటే మూసీ ఒడ్డునే బాగా దొరుకుతుంది.

1908 సెప్టెంబరు 28. ఆరో నిజాం మీర్ మహబూబ్ అలీ ఖాన్ పాలన. అంతకు ముందు రెండు రోజులుగా వాన. ఊరికి ఎగువన శంషాబాద్‌లో 24 గంటల్లో 12.8 అంగుళాలు, 48 గంటల్లో 18.9 అంగుళాలు కురిసింది. మిల్లీమీటర్లలో చెబితే రెండు రోజుల్లో 480. తెల్లారేసరికి మూసీ ఊళ్లోకి వచ్చేసింది. కోల్సావాడి తుడిచిపెట్టుకుపోయింది. అఫ్జల్ వంతెన, ముసల్లం జంగ్ వంతెన, చాదర్‌ఘాట్ వంతెన కొట్టుకుపోయాయి. కుతుబ్‌షాహీల కాలంలో 1578లో కట్టిన పురానాపూల్ ఒక్కటే దెబ్బలు తిని కూడా నిలబడింది. ఇప్పటి ఉస్మానియా ఆసుపత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. ఆ రోజు దాని కొమ్మలు పట్టుకుని సుమారు 150 మంది బతికారు. బతకని వాళ్లు దాదాపు 15 వేలు అని అంచనా. కట్టుబట్టలతో మిగిలిన జనానికి నిజాం తన హవేలీల తలుపులు తెరిపించి భోజనాలు పెట్టించారు.

నీళ్లు తీశాక నిజాం ప్రభుత్వం ముందు ఒకే ప్రశ్న మిగిలింది. ఊరిని మళ్లీ కట్టాలా, కడితే ఎక్కడ కట్టాలి, మళ్లీ ఇలాంటి వరద వస్తే ఏం కావాలి. దీనికి జవాబు చెప్పగలిగిన మనిషి అప్పటికి యూరప్‌లో తిరుగుతున్నాడు.

విశ్వేశ్వరయ్య గారు పుట్టింది బెంగళూరుకు ఉత్తరాన ఉన్న ముద్దేనహళ్లిలో. ఇంటి పేరు చెప్పినట్టే వాళ్ల పూర్వీకులది మన గిద్దలూరు దగ్గరి మోక్షగుండం. ఇంట్లో మాట్లాడే భాష తెలుగు. తండ్రి శ్రీనివాస శాస్త్రి సంస్కృత పండితుడు, పేరుకు కొదవ లేదు కానీ డబ్బుకు కొదవే. పిల్లవాడికి పదిహేనేళ్లు దాటకముందే తండ్రి పోయారు. తల్లి వెంకటలక్ష్మమ్మ, మేనమామ రామయ్య చదువు ఆగకుండా చూశారు. బెంగళూరు సెంట్రల్ కాలేజీలో చదివే రోజుల్లో ఒక ఇంట్లో పిల్లలకు పాఠాలు చెప్పి ఖర్చులు వెళ్లదీసుకున్నారు. 1881లో బీఏ అయింది. తర్వాత మైసూరు ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో పూనా సైన్స్ కాలేజీకి వెళ్లారు. తర్వాత పుణె ఇంజనీరింగ్ కాలేజీగా పేరు పొందింది అదే. 1883లో ఇంజనీరింగ్ పరీక్షలో మొదటి స్థానంలో వచ్చారు. ఆ రోజుల్లో మొదటి ర్యాంకు వస్తే బొంబాయి ప్రభుత్వ పీడబ్ల్యూడీలో ఉద్యోగం ఖాయం. 1884లో అసిస్టెంట్ ఇంజనీరుగా చేరారు.

ఇక్కడ కాస్త ఆగి ఆనాటి ఇంజనీరింగ్ చదువు ఎలా ఉండేదో చెప్పాలి. కంప్యూటర్ లేదు, కాలిక్యులేటర్ లేదు. టీ-స్క్వేర్, సెట్‌స్క్వేర్లు, కాంపస్, ఇండియన్ ఇంకు నింపుకునే రూలింగ్ పెన్ను. కాగితం మీద పెన్సిలుతో గీసి, దాని మీద మైనం పట్టించినట్టు నున్నగా ఉండే ట్రేసింగ్ బట్ట పరిచి ఇంకుతో ఎత్తి రాసేవారు. గీత మందం మారితే అర్థం మారిపోయేది. కనిపించే అంచుకు ముదురు గీత, వెనక దాగిన అంచుకు తెగిన గీత, మధ్య రేఖకు పొడుగూ పొట్టీ కలిసిన గీత. ఈ పద్ధతి ఇప్పటికీ మారలేదు. మీ అమ్మాయి బీటెక్ మొదటి సంవత్సరంలో చేరినప్పుడు మినీ డ్రాఫ్టర్ పట్టుకుని బస్సెక్కితే, ఆమె నేర్చుకునేది అవే గీతలు. మన పాతబస్తీలో ఈ పని చేసేవాళ్లను నక్షానవీస్ అనేవారు. నక్షా అంటే పటం, నవీస్ అంటే రాసేవాడు. గీసేవాడు అనకుండా రాసేవాడు అన్నారు, గమనించండి. నక్షాను వాళ్లు చదవాల్సిన రాతగానే లెక్కపెట్టారు.

ఉద్యోగంలో చేరగానే ఖాన్‌దేశ్‌లో పాంజ్రా నది కాలువ కిందుగా పైపు సైఫన్ వేసే పని అప్పగించారు. వానలు మొదలయ్యాయి, పనికి అడ్డం వచ్చాయి. వర్షాకాలం పోయేదాకా ఆపుదామని కుర్ర ఇంజనీరు పైఅధికారికి రాశాడు. మొదటి ఉద్యోగంలోనే క్రమశిక్షణ లేదన్నట్టు మందలింపు వచ్చింది. నొచ్చుకున్నా పట్టుదలగా పని పూర్తి చేశారు. సైఫన్ అంటే కాలువ నీళ్లు నది అడుగు కిందికి దిగి, అవతల ఒడ్డున మళ్లీ పైకి లేవడం. పై నుంచి చూస్తే ఏమీ కనబడదు, రెండు వైపులా కాలువ, మధ్యలో నది. నిలువునా కోసి చూపిస్తేనే ఆ పైపు బయటపడుతుంది. ఆ కోత బొమ్మను ఇంజనీర్లు సెక్షన్ అంటారు. విశ్వేశ్వరయ్య గారి వృత్తి జీవితంలో ఎక్కువ భాగం ఇలా కంటికి కనబడని చోటే జరిగింది.

సింధ్‌లోని సుక్కూరులో అదే జరిగింది. సింధు నది నీళ్లు బురద. వడపోత కట్టడానికి మున్సిపాలిటీ దగ్గర డబ్బు లేదు. నది పక్కనే ఇసుకలో బావి తవ్వి, దాని అడుగు నుంచి నది పడక కిందికి సొరంగం తీయించారు. నది తన ఇసుకలో తానే వడపోసుకుని బావిలోకి దిగింది. పుణె దగ్గర ఖడక్‌వాస్లాలో ఇంకో చిక్కు. నిల్వ పెంచాలి, కానీ పాత కట్ట ఎత్తు పెంచితే ప్రమాదం. అలుగు మీద తలుపులు అమర్చారు. నీటి మట్టం హద్దు దాటితే అవి తమంతట తామే తెరుచుకుంటాయి, మట్టం తగ్గితే మూసుకుంటాయి. 1903 ప్రాంతంలో ఈ ఆటోమేటిక్ గేట్లకు పేటెంటు తీసుకున్నారు. ప్రభుత్వ ఉద్యోగంలో ఉండగా చేసిన పని కాబట్టి ప్రభుత్వం నుంచి రాయల్టీ పుచ్చుకోలేదు. పేటెంటుకు కావాల్సింది కొయ్య నమూనా కాదు, డ్రాయింగు. ఏ భాగం ఎక్కడ, ఏది దేనికి తగిలి ఉంది, ఏది కదిలితే ఏది కదులుతుంది, అన్నీ కాగితం మీదే తేలాలి.

ఇంతటి అనుభవంతో ఆయన బొంబాయి కొలువు వదిలి విదేశీ పర్యటనలో ఉండగా హైదరాబాద్ నుంచి పిలుపు అందింది. పర్యటన ముగించుకుని 1909 ఏప్రిల్ 15న ఇక్కడికి వచ్చారు.

వచ్చాక మొదట చేసింది ఏదీ కట్టడం కాదు, కొలవడం. నదికి నీళ్లిచ్చే నేల, అంటే పరీవాహక ప్రాంతం, హైదరాబాద్‌కు ఎగువన 862 చదరపు మైళ్లు. అందులో 788 చెరువులు. సుమారుగా చదరపు మైలుకు ఒక చెరువు. మన తెలంగాణ చెరువులు గొలుసుకట్టు చెరువులని మీకు తెలుసు. పై చెరువు మత్తడి పోస్తే కింది చెరువులోకి, అది నిండితే దాని కిందికి. మామూలు ఏడాదిలో ఇది వరం. 1908లో అదే శాపమైంది. పై కట్ట తెగి కింది కట్ట మీద పడింది, అది తెగి మరోదాని మీద పడింది. అలా 221 చెరువులు తెగాయి. ఊళ్లోంచి పోయిన వరద సెకనుకు 4,25,000 ఘనపుటడుగులని లెక్క తేలింది. 2020 అక్టోబరులో పాతబస్తీ దక్షిణాన చెరువు కట్ట తెగి బస్తీలు మునిగినప్పుడు మీలో కొందరు మేడ మీద రాత్రి గడిపి ఉంటారు. 221 కట్టలంటే ఏమిటో వాళ్లకు వేరే చెప్పక్కర్లేదు.

వరద పోయిన తర్వాత వచ్చిన మనిషికి ఆ అంకె ఎలా దొరుకుతుంది? ఇక్కడే మీ పిల్లల డ్రాయింగ్ పుస్తకం పనికొస్తుంది.

వరద పోతూ పోతూ గోడల మీద, వంతెన స్తంభాల మీద బురద చార వదిలి వెళ్తుంది. ఆ చార నీళ్లు ఎంత ఎత్తుకు వచ్చాయో చెబుతుంది. ఇంజనీరు ఒక చోట నదిని అడ్డంగా, ఈ ఒడ్డు నుంచి ఆ ఒడ్డు దాకా కొలుస్తాడు. ఎక్కడ ఎంత లోతు, ఎక్కడ రాయి, ఎక్కడ ఇసుక మేట. ఆ కొలతలను స్కేలుకు తగ్గట్టు కాగితం మీద గీస్తే నదిని కత్తితో కోసిన ముక్క కనబడుతుంది. బురద చార దగ్గర అడ్డగీత గీస్తే కింద ఎంత జాగా నీళ్లతో నిండిందో తెలుస్తుంది. ఆ వైశాల్యాన్ని నీటి వేగంతో గుణించాలి. చిన్న ఉదాహరణ. 200 అడుగుల వెడల్పు, సగటున 10 అడుగుల లోతు ఉన్న వాగులో నీళ్లు సెకనుకు 5 అడుగుల వేగంతో పోతున్నాయనుకోండి. 200 ఇంటూ 10 ఇంటూ 5, అంటే సెకనుకు 10,000 ఘనపుటడుగులు. పదివేల క్యూసెక్కులు అని టీవీలో వినేది ఇదే. ఆరో తరగతి పిల్లవాడు చేయగలిగిన గుణకారం. గుణకారం తేలికే, ఆ కోత బొమ్మను తప్పు లేకుండా గీయడంలోనే కష్టమంతా ఉంది.

నదిని పొడుగునా కోస్తే ఇంకో బొమ్మ వస్తుంది. పడక ఎంత వాలుగా ఉందో అది చూపిస్తుంది, నీటి వేగం ఆ వాలును బట్టే ఉంటుంది. అందులో ఒక తమాషా ఉంది. మైళ్ల పొడవునూ అడుగుల లోతునూ ఒకే స్కేలులో వేస్తే నది ఒట్టి గీతలా కనబడుతుంది. అందుకని పొడవుకు ఒక స్కేలు, ఎత్తుకు మరో పెద్ద స్కేలు వాడతారు. బొమ్మ కంటికి అబద్ధంలా ఉంటుంది, కొలతకు మాత్రం నిజం. పిల్లలకు ఈ తేడా తెలియజేయడం మా గణితం టీచర్లకు ఎప్పుడూ ఇష్టమైన పని.

మూడోది పై నుంచి చూసిన బొమ్మ, ప్లాన్. ఒకే ఎత్తులో ఉన్న చోట్లన్నీ కలుపుతూ గీతలు గీస్తే వాటిని కాంటూర్లంటారు. ఫలానా లోయకు అడ్డంగా ఫలానా ఎత్తు కట్ట వేస్తే నీళ్లు ఏ గీత దాకా నిలుస్తాయి, ఎన్ని ఊళ్లు మునుగుతాయి, ఎంత నీరు పడుతుంది, అన్నీ ఒక్క రాయి కదపకముందే లెక్కకు వస్తాయి. అలా చూసుకునే విశ్వేశ్వరయ్య గారు రెండు చోట్లు సూచించారు. ఒకటి మూసీ మీద, ఊరికి ఎనిమిదిన్నర మైళ్ల ఎగువన. రెండోది దాని ఉపనది ఈసా మీద, ఆరున్నర మైళ్ల ఎగువన. రెండు చోట్లా జలాశయాలు కడితే వరద ఒక్కసారిగా ఊరి మీద పడదు. పెద్ద కెరటాన్ని అక్కడ పట్టి ఉంచి, నది మోయగలిగినంతే మెల్లగా వదలవచ్చు. వీటితో పాటు ఊళ్లో నది ఒడ్లు ఎత్తు చేయడం, ఒడ్డు వెంట వెడల్పు రోడ్లు, తోటలు, ఊరంతటికీ మురుగు నీటి వ్యవస్థ. ఇవన్నీ రాసి 1909 అక్టోబరు 1న నివేదిక ఇచ్చారు. ఏప్రిల్‌లో వచ్చిన మనిషి, అయిదున్నర నెలల్లో.

ఆ తర్వాత నెలన్నర తిరగకుండానే, నవంబరు 15న, మైసూరు చీఫ్ ఇంజనీరుగా చేరిపోయారు.

ఈ వాక్యం దగ్గర మీరు కొంచెం ఆలోచించాలి. ఒక ఊరి ప్రాణాలకు సంబంధించిన పథకం తయారు చేసిన మనిషి వెళ్లిపోయాడు. నిజాం మారారు. 1911లో మహబూబ్ అలీ ఖాన్ పోయి మీర్ ఉస్మాన్ అలీ ఖాన్ గద్దెనెక్కారు. మూసీ మీద కట్టకు శంకుస్థాపన 1913లో జరిగింది. అంటే నివేదిక ఇచ్చిన మూడేళ్ల పైచిలుకు తర్వాత. కట్టింది వేరే ఇంజనీర్లు, మోసింది వేల మంది కూలీలు. పక్కన నిలబడి ఇలా కాదు అలా అని చెప్పడానికి ఆయన లేరు. ఉన్నవి లెక్కలు, నక్షాలు. ఆ కాగితాలను ఒక్కో ఇంజనీరు ఒక్కో రకంగా అర్థం చేసుకుంటే ఏం జరిగేదో ఊహించండి. ఆర్థోగ్రాఫిక్ పద్ధతి వల్ల ఆ ప్రమాదం తప్పుతుంది. ముందు, పక్క, పై, ఈ మూడు బొమ్మలు ఒకదానితో ఒకటి సరితూగాలి. ప్లాన్‌లో ఉన్న వెడల్పే ఎలివేషన్‌లోనూ ఉండాలి, ఎలివేషన్‌లో ఉన్న ఎత్తే పక్క బొమ్మలోనూ ఉండాలి. ఒకచోట తప్పు చేస్తే రెండో బొమ్మ పట్టేస్తుంది.

హైదరాబాద్‌లో మిగిలిన పని గురించి మాట్లాడేటప్పుడు ఇంకో పేరు చెప్పకపోతే అన్యాయం. మీర్ అహ్మద్ అలీ, తర్వాత నవాబ్ అలీ నవాజ్ జంగ్. హైదరాబాద్ రాష్ట్రంలోనే పుట్టి, ఇంగ్లండ్‌లోని కూపర్స్ హిల్ కాలేజీలో ఇంజనీరింగ్ చదివి వచ్చి, నిజాంసాగర్ దాకా ఎన్నో కట్టడాలకు మూలపురుషుడయ్యారు. ఆయన పుట్టినరోజు జులై 11ను తెలంగాణ ఇంజనీర్ల దినోత్సవంగా జరుపుకుంటున్నాం. మన పిల్లలకు సెప్టెంబరు 15 మాత్రమే తెలిసి జులై 11 తెలియకపోతే ఆ లోటు బడులదే, మా బడితో సహా. అదే రోజుల్లో లెనార్డ్ మన్ అనే ఇంజనీరు పర్యవేక్షణలో 1912-15 మధ్య పాతబస్తీని గల్లీ గల్లీ, ఇల్లు ఇల్లు కొలిచి పటాలు వేయించారు. ఇరుకు బస్తీల్లో అంగుళానికి 50 అడుగుల స్కేలు. అంటే 25 అడుగుల ఇంటి ముంగిలి కాగితం మీద అర అంగుళం. 1912లో ఏర్పడిన సిటీ ఇంప్రూవ్‌మెంట్ బోర్డు చేసిన పనుల వెనక ఇలాంటి కొలతలున్నాయి. కొత్త రోడ్ల కోసం ఇళ్లు పోగొట్టుకున్న వాళ్లూ ఉన్నారన్నది మరవకూడదు. పటం మీద ఒక గీత జరిగితే నేల మీద ఒక కుటుంబం జరగాలి.

మూసీ మీది జలాశయం 1920లో పూర్తయింది. నిజాం పేరు మీద ఉస్మాన్‌సాగర్. మనం అనుకునేది గండిపేట. ఈసా మీదిది 1927లో. అది హిమాయత్‌సాగర్. వరదను ఆపడానికి మొదలైన పని ఊరికి తాగునీళ్లూ ఇచ్చింది. గండిపేట నీళ్లు తాగినవాడు హైదరాబాద్ వదలడని పెద్దవాళ్లు అనేది ఈ నీళ్ల గురించే.

ఇప్పుడు బొమ్మల సంగతి కొంచెం. ఈ మూడు చూపుల పద్ధతి ఎక్కడ నుంచి వచ్చిందో మీ పిల్లలకు చెబితే ఆసక్తిగా వింటారు. 1760ల్లో ఫ్రాన్స్‌లోని మెజియర్ సైనిక పాఠశాలలో గాస్పార్ మోంజ్ అనే కుర్రవాడు పనిచేసేవాడు. కోట గోడలు శత్రువు ఫిరంగికి కనబడకుండా ఎంత ఎత్తు ఉండాలో కనిపెట్టడానికి అప్పట్లో పెద్ద లెక్కలు చేయాల్సి వచ్చేది. మోంజ్ గీతలతోనే ఇట్టే తేల్చేశాడు. అంత తొందరగా ఎలా తేలుతుందని అధికారి మొదట ఆ కాగితం చూడనే లేదట. చూశాక మాత్రం దాన్ని సైనిక రహస్యం చేసి ఏళ్ల తరబడి బయటకు పొక్కనివ్వలేదు. పుస్తకంగా వచ్చింది 1799లో. ఐసోమెట్రిక్ కథ ఇంకా సరదా. కేంబ్రిడ్జిలో విలియం ఫారిష్ అనే ప్రొఫెసర్ యంత్రాల నమూనాలు విడిభాగాలుగా పెట్టుకుని, ప్రతి పాఠానికీ బిగించి చూపేవాడు. ఎలా బిగించాలో సహాయకులకు చెప్పి చెప్పి విసిగి, ఒక్క చూపులోనే మూడు ముఖాలూ కనబడే బొమ్మ కావాలనుకున్నాడు. 1822లో దాని నియమాలు ప్రచురించాడు. మూడు అంచులు ఒక బిందువు దగ్గర 120 డిగ్రీల ఎడంతో కలుస్తాయి. నిలువు గీత నిలువుగానే ఉంటుంది, మిగతా రెండూ అడ్డగీతకు 30 డిగ్రీల వాలులో పోతాయి. చుక్కల కాగితం మీది చుక్కలు అందుకే అలా పేర్చి ఉంటాయి.

ఇంట్లో ప్రయత్నించాలంటే ఖర్చు లేదు. ఒక లాడ్ బజార్ గాజు తీసి బల్ల మీద పెట్టమనండి. పై నుంచి చూస్తే గుండ్రం. బల్ల అంచుకు కన్ను ఆనించి పక్క నుంచి చూస్తే సన్నటి పట్టీ. వాలుగా చూస్తే కోడిగుడ్డు ఆకారం. వస్తువు ఒకటే, బొమ్మలు మూడు. ఈ ఒక్క సంగతి మనసుకు ఎక్కితే సగం పాఠం అయిపోయినట్టే. తర్వాత అగ్గిపెట్టె. ముందు, పై, పక్క మూడు బొమ్మలు వేయించి, వాటిని మాత్రమే చూసి ఐసోమెట్రిక్ గీయమనండి. ఆ తర్వాత మెట్లు. ఇంటి ముందు మూడు మెట్లుంటే చాలు, టేపు తెచ్చుకుని కొలిచి, అడుగుకు ఒక అంగుళం చొప్పున గీయాలి. మెట్ల దగ్గరే పిల్లలు తికమక పడతారు, ఎందుకంటే పై నుంచి చూస్తే మెట్టు ఎత్తు కనబడదు. అక్కడ తొందరపడి మీరు చెప్పేయకండి. ఇంకాస్త పెద్ద పిల్లలుంటే ఒక ఆదివారం చార్మినార్ తీసుకెళ్లి ప్లాన్ ఊహించమనండి. నాలుగు మూలల నాలుగు వృత్తాలు, మధ్యలో చదరం, నాలుగు దిక్కులా దారులు. గాజుల బేరం మీరు చూసుకోండి, వాళ్లను గీయనివ్వండి.

ఒక హెచ్చరిక కూడా. మన దేశంలో డ్రాయింగు వేసే పద్ధతిని ఫస్ట్ యాంగిల్ అంటారు. ఇందులో పై నుంచి చూసిన బొమ్మ, ముందు నుంచి చూసిన బొమ్మకు కింద వస్తుంది. అమెరికాలో థర్డ్ యాంగిల్. అక్కడ అది పైన వస్తుంది. పిల్లలు యూట్యూబ్ చూసి నేర్చుకుంటే రెండూ కలిసిపోయి, సరిగ్గా గీసిన బొమ్మను తప్పు చోట పెట్టి మార్కులు పోగొట్టుకుంటారు. వీడియో ఏ పద్ధతిదో ముందు చూసుకోమనండి. ఇంకోటి, పిల్లలు ఐసోమెట్రిక్ బొమ్మకు అసలు కొలతే వేయాలా, తగ్గించాలా అని అడుగుతారు. అసలు కొలతలతో గీస్తే ఐసోమెట్రిక్ డ్రాయింగ్. 0.816 రెట్లకు తగ్గించి గీస్తే ఐసోమెట్రిక్ ప్రొజెక్షన్. స్కూలు స్థాయిలో మొదటిది చాలు.

మార్కుల ప్రశ్నకూ జవాబు చెప్పాలి కదా. సీబీఎస్ఈలో 11, 12 తరగతులకు ఇంజనీరింగ్ గ్రాఫిక్స్ ఒక ఐచ్ఛిక సబ్జెక్టు. బీఆర్క్ చదవాలంటే జేఈఈ మెయిన్‌లో డ్రాయింగ్ ఒక భాగం, నాటా పరీక్షలోనూ అంతే. ఐటీఐలో డ్రాఫ్ట్స్‌మన్ సివిల్ ట్రేడ్ ఉంది, దాన్ని చిన్నచూపు చూడకండి. బీటెక్‌లో మొదటి ఏడాది గ్రాఫిక్స్ పేపరు దగ్గర తడబడే పిల్లలు చాలామంది. వాళ్లకు లెక్కలు రాక కాదు, వస్తువును మనసులో తిప్పి చూసుకునే అలవాటు లేక. సాఫ్ట్‌వేర్ ఉంది కదా అంటారు. సాఫ్ట్‌వేర్ గీత గీస్తుంది, ఎక్కడ కోయాలో చెప్పదు.

విశ్వేశ్వరయ్య గారి తర్వాతి జీవితం మీకు తెలిసిందే కాబట్టి క్లుప్తంగా. 1911లో కావేరి మీద కృష్ణరాజసాగర్ పని మొదలైంది. 1912 నుంచి 1918 దాకా మైసూరు దివాను. బ్యాంకు, విశ్వవిద్యాలయం, ఇనుము కర్మాగారం, ఇలా ఆ రాష్ట్రాన్ని పెంచి పెద్ద చేశారు. దివాన్‌గిరీ వదిలేశాక 1920లలో మురుగు నీటి పథకం పనుల కోసం మళ్లీ హైదరాబాద్ వచ్చారు. ఈ భాగాన్ని ఎవరూ వేషంలో చూపించరు, మురుగు కాల్వలకు వేదిక మీద అందం లేదు. కానీ కలరా లాంటి జబ్బులు ఊరిని ఏళ్ల తరబడి పీడించిన రోజుల్లో ఆ పైపులు ఎంతమందిని కాపాడి ఉంటాయో ఆలోచించండి. డ్యాం కంటే దాని డ్రాయింగు కష్టం కూడా. మైళ్ల కొద్దీ పైపు, ప్రతి చోటా కొద్దిగా వాలు. ఒక్క చోట సెక్షన్ తప్పితే మురుగు వెనక్కి తంతుంది. 1955లో భారతరత్న వచ్చింది. నూరేళ్లు నిండాక 1962 ఏప్రిల్‌లో బెంగళూరులో కన్నుమూశారు. ఖైరతాబాద్ కూడలిలో ఆయన విగ్రహం ఉంది, సిగ్నల్ పడినప్పుడు పిల్లలకు చూపించండి.

ఈ వానాకాలం టీవీలో గండిపేట గేట్లు ఎత్తారన్న వార్త వచ్చినప్పుడు కింద ఒక అంకె తిరుగుతుంది. ఉస్మాన్‌సాగర్ పూర్తి నీటిమట్టం 1790 అడుగులు, హిమాయత్‌సాగర్‌ది 1763.5 అడుగులు. అంత లోతు నీళ్లా అని చాలామంది పెద్దవాళ్లే ఆశ్చర్యపోతారు. అది లోతు కాదు. సముద్ర మట్టం నుంచి నీటి పైభాగం ఎంత ఎత్తులో ఉందో చెప్పే కొలత. కాగితం అడుగున సముద్ర మట్టం అని ఒక గీత గీసి, దాని పైన నది పడక, దాని మీద కట్ట, కట్ట వెనక నీళ్లు, నీటి అంచు దగ్గర 1790 అని రాయమని మీ అబ్బాయిని గానీ అమ్మాయిని గానీ అడగండి. కట్టను కింద వెడల్పుగా గీస్తారో, పైనా కిందా ఒకేలా గీస్తారో చూడండి. ఒకేలా గీస్తే, నీళ్లు లోతుకు పోయే కొద్దీ ఎక్కువ తోస్తాయని చెప్పి, రబ్బరు చేతికివ్వండి.